కర్రకు కొత్త రూల్సు

గురువారం రాత్రి. ముసఫ్ఫా క్యాంపు, పద్నాలుగో నంబరు రూము.
ఏసీ వచ్చిన అట్టపెట్టె విప్పి వెనకవైపు గళ్లు గీశాం.
ఉప్పు డబ్బా రాక్షసుడు. వాడి కాపలాలో ఒక వంతెన.
రోడెల్ మనీలా వెళ్లిపోతూ వదిలేసిన పుస్తకం,
ఇరవై ముఖాల పాచిక, అందులో పదిహేడు అరిగిపోయింది.
ఇంగ్లీషు చదివి చెప్పేవాణ్ని కనక ఆట నడిపేది నేనే.
పగలు స్కాఫోల్డింగ్ కంపెనీలో హాజరు రాస్తాను,
రాత్రి వీళ్ల ప్రాణాలు రాస్తాను,
అవే హాజరు కాగితాల వెనక, పెన్సిలుతో.

పుస్తకంలో కత్తికి పేజీన్నర, విల్లుకి ఒక పేజీ.
కర్రకి ఒక్క వరుస:
దెబ్బ ఆరు లోపు. బరువు రెండు కిలోలు. ధర ఏమీ లేదు.

"ఏమీ లేదా?" అన్నాడు బీరయ్య.
ఆటలో కూడా అతను గొర్రెలకాపరే,
యోధుడివి కమ్మని ఎంత బతిమాలినా కాలేదు.
"రఫ్హాల రెండేండ్లు మేకలు కాసిన.
కండ్లకు ఆనినంత దూరం చెట్టు లేదు.
కర్ర ఫ్రీగ ఎవడిస్తడు?
డేరా గుంజ ఒకటి అడిగితె నెల జీతం కోసిండు."
రాశాను: ఎడారిలో కర్ర వెల, ఒక నెల జీతం.

అక్కడ మొదలైంది, పదకొండు దాకా ఆగలేదు.

ఆరు మీటర్ల పైపులు మోసే నర్సింలు అన్నాడు,
సొరంగంల కర్ర తిరగదన్నా, నడుమ పట్టి పొడవాలె,
ఎనక నిలబడ్డోని పండ్లు రాల్తయి, దానికీ ఓ పాచిక పెట్టు.
పెట్టాను. వెనక ఉన్నది రాజలింగు, ఆటలో మంత్రగాడు.
పళ్ల సంగతి వదిలేసి
తన దండంలో మంత్రాలెన్ని పడతాయని అడిగాడు.
ఆగు, అన్నాం అందరం.

బీరయ్య బాత్రూంలోంచి మాప్ కర్ర పీక్కొచ్చి
మంచాల మధ్య రెండడుగుల సందులో నిలబడ్డాడు.
గడ్డం ఆనించాడు. ఒక పాదం ఎత్తి రెండో మోకాలికి పెట్టాడు.
"గిట్ల నిద్ర గూడ పోవచ్చు. మీ కత్తితోని పొండ్రి, సూద్దాం."
రాశాను: కర్ర ఉన్నవాడు నిలబడే అలుపు తీర్చుకుంటాడు.
"ఇంకోటి. గొర్రెను కొట్టరు.
దాని ముందట భూమిని కొడ్తరు. అదే మర్లుతది."
రాశాను: నేలను కొడితే శత్రువు ఒక గడి పక్కకి.
ఉప్పు డబ్బాను జరిపి చూశాం.
వంతెన అంచుకొచ్చింది. నర్సింలు ఈల వేశాడు.

అప్పుడు నేను, తూకం కుదరాలని,
గొప్ప తెలివనుకుని ఒకటి కలిపాను:
పాచిక ఒకటి పడితే కర్ర విరుగుతుంది.

రెండో విసురుకే పడింది.

బీరయ్య పాచికను చూళ్లేదు. చొక్కా చెయ్యి మడిచాడు.
మోచేతికి కింద, ఎముక సరిగా అతకని చోట
రేగిపండంత బొడిపె.
"కర్ర ఇరగలే," అన్నాడు. "ఇది ఇరిగింది.
కర్ర ఆయన చేతుల ఉండె. నా కర్రనే."

ఏసీ నీళ్లు బకెట్లో చుక్కచుక్కా పడుతున్నాయి.
ఆయన ఎవరో, ఎన్ని మేకలు తప్పిపోయాయో ఎవరం అడగలేదు.
రబ్బరుతో ఆ వరుస చెరిపాను. కాగితం కొంచెం చిరిగింది.
దాని మీదే రాశాను:
ఒకటి పడితే కర్ర అవతలివాడి చేతికి పోతుంది.
బీరయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆఁ, ఇది కరెక్టు.
మల్ల తెచ్చుకునుడెట్ల? అది గూడ రాయి."

దానికి మా దగ్గర రూలు లేదు.
ఇద్దరు కలిసి గుంజాలన్నాడు నర్సింలు.
పన్నెండు దాటాలన్నాను నేను.
రాజలింగు, మంత్రాల ఊసెత్తకుండా మొదటిసారి,
ఆయన పండుకున్నంక పోయి తెచ్చుకోవాలె, అన్నాడు.
ఆ వరుస ఖాళీగా ఉంచాను.
కర్ర అనుకున్న అగ్గిపుల్లను ఉప్పు డబ్బాకి ఆనించి
అట్టను మంచం కిందికి తోశాం, వచ్చే గురువారం దాకా.

పొద్దున క్లీనర్ షహీదుల్ తలుపు కొట్టి
మాప్ కర్ర ఏదని కేకలేశాడు.
పై మంచం మీంచి, కళ్లు తెరవకుండానే బీరయ్య,
"ఎంతకమ్ముతవ్?" అన్నాడు.